వెలిసిన మోటార్‌హోమ్‌పై 3ఎం మెరైన్ రిస్టోరర్ అండ్ వాక్స్: ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు

3ఎం మెరైన్ రిస్టోరర్ అండ్ వాక్స్ ప్రధానంగా పడవల కోసం తయారైన వస్తువు. సుద్ద పట్టిన పైపొరను అరగదీసే కాంపౌండ్, దానిపై నిలిచే మైనం, ఈ రెండూ ఒకే సీసాలో ఉండటం దీని ప్రత్యేకత. లోపలే నివసించే వీలున్న ఇంటిలాంటి వాహనం, అంటే మోటార్‌హోమ్ ఉన్నవాళ్లు పడవల సామాన్ల వైపు చూడటానికి గట్టి కారణమే ఉంది. ఈ వాహనాల ముందు, వెనుక కొసలను మూసే అచ్చు కప్పులూ, చాలావాటిలో పక్కగోడలూ పడవల్లాగే ఫైబర్‌గ్లాస్‌పై జెల్‌కోట్ అనే రెసిన్ పూతతో ఉంటాయి. కార్ల కోసం అమ్మే సున్నితమైన పాలిష్‌లు పలుచని కారు రంగును దృష్టిలో పెట్టుకుని చేసినవి కాబట్టి, బాగా సుద్ద పట్టిన జెల్‌కోట్‌పై వాటితో ఎంత రుద్దినా పెద్దగా ఫలితం ఉండదు. పాతబడి పాలిపోయిన నా తెల్లటి మోటార్‌హోమ్‌పై ఈ సీసాను వాడాక ఏర్పడిన అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను: ఓ మోస్తరుగా వెలిసిన పక్కగోడలకు ఇది చక్కటి వస్తువు, ఎండకు పూర్తిగా దెబ్బతిన్న ముందు కప్పుకు ఇది ఒక్కటే చాలదు, రంగు వేసి పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పూత కొట్టిన వాహనాలకైతే దీని అవసరమే లేదు.

అసలు వెలిసిపోవడమంటే ఏమిటో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. జెల్‌కోట్ అంటే వర్ణకం, అంటే రంగునిచ్చే పొడి, కలిపిన పాలియెస్టర్ రెసిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఆ రెసిన్ గొలుసులను పైనుంచి కొద్దికొద్దిగా తెంపుతాయి. తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ కూడా ఎండ తగిలినప్పుడు తన చుట్టూ ఉన్న రెసిన్ విరిగిపోవడానికి కొంత తోడ్పడుతుంది. పట్టు వదిలిన వర్ణకం పొడిగా పైకి తేలుతుంది, చేత్తో రాస్తే అంటుకునే తెల్లటి సుద్ద అదే. చెడిన పొర పలుచనిది. జెల్‌కోట్ మందం సాధారణంగా 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది కనుక, పై పొర తీసేసినా కింద ఇంకా మంచి పదార్థం మిగులుతుంది. కారు రంగుపై ఉండే క్లియర్ కోట్ మందం దాదాపు 40 నుంచి 60 మైక్రాన్లే, అంటే జెల్‌కోట్‌లో పదో వంతు. జెల్‌కోట్‌పై నిశ్చింతగా చేయదగిన పని క్లియర్ కోట్‌పై ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

అందువల్ల సీసా కొనేముందు వాహనానికి రెండు చిన్న పరీక్షలు చేయడం మంచిది. నల్లటి గుడ్డతో గట్టిగా తుడిచినప్పుడు తెల్లటి పొడి వస్తే అది సుద్దే. తర్వాత అదే చోటును నీటితో తడపాలి. తడిసినంతసేపు రంగు నిండుగా కనిపించి, ఆరగానే మళ్లీ పాలిపోతే, చెడినది పైపొర ఒక్కటే. అందులోని సూక్ష్మమైన గుంటలను నీరు నింపడం వల్ల వెలుగు చెల్లాచెదురు కాకుండా తిరిగి వస్తుంది. పాలిష్ చేసే పని కూడా ఇదే ఫలితాన్ని గోడ ఆరాక కూడా నిలిచేలా తేవడం కాబట్టి, తడి గోడ మెరిసినంత మేర పని అయ్యాక పొడి గోడ మెరుస్తుందని ఆశించవచ్చు. తడిపినా మచ్చలుగానే ఉంటే, సాలెగూడులాంటి సన్నని పగుళ్లు తేలితే, ఏ మైనమూ దాన్ని బాగు చేయదు. ఇక పూర్తిగా రంగు వేసిన వాహనంపై క్లియర్ కోట్ తెల్లటి మరకలుగా పొట్టు లేస్తుంటే, అక్కడ అరగదీయడానికి పొరే మిగిలి ఉండదు. దానికి మార్గం ఆ భాగాన్ని సాండింగ్ చేసి మళ్లీ రంగు వేయడమే. ఇలాంటి వాహనాలపై ఈ సీసా వాడి నిరాశపడినవాళ్లు తప్పును సీసాపై వేయడం న్యాయం కాదు.

కడగడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ వస్తువును ఎప్పుడూ మురికిపై వాడకూడదు. ఇసుక రేణువు ఒక్కటి ప్యాడ్‌లో ఇరుక్కున్నా గీతలు పడతాయి. అయితే మోటార్‌హోమ్‌లో కడగవలసింది గోడలతో మొదలుకాదు, పైకప్పుతో మొదలవుతుంది. పక్కలకు జారే నల్లటి చారల్లో ఎక్కువ భాగం పైకప్పు మీది మురికి, అక్కడి రబ్బరు పొర వదిలే పొడి, కిటికీల చుట్టూ ఉన్న సీలెంట్ కలిసి వచ్చేవి. పైకప్పును ముందు కడగకపోతే, మెరిపించిన గోడపై మొదటి వానకే చారలు తిరిగి దిగుతాయి. పైకప్పు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుదైతే దానిపై పెట్రోలియం ద్రావకాలున్న క్లీనర్లు పడకూడదు. ఆ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది. ఈ సీసాలోని ద్రవం కూడా ద్రావకం వాసన గలదే, కనుక దీన్ని గోడలకే పరిమితం చేయడం, చేతులకు గ్లవ్స్ వేసుకోవడం ఉత్తమం.

వాడకంలో దీని మంచి గుణం బయటపడుతుంది. చిక్కటి ద్రవం కావడంతో నిలువు గోడపై పెద్దగా కారిపోదు. చేత్తో కూడా రుద్దవచ్చు గానీ మోటార్‌హోమ్ గోడ విస్తీర్ణానికి చేతిపని ఆచరణలో సాగే మాట కాదు. తలుపు చుట్టూ, లైట్ల అంచుల దగ్గర మాత్రమే చేతిని నమ్ముకోవాలి. నేను ప్యాడ్‌ను ఒకే ఇరుసుపై గుండ్రంగా తిప్పే రోటరీ పాలిషర్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి, నిమిషానికి 1200 నుంచి 1800 చుట్ల మధ్య వేగంతో నడిపాను. ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొత్తవారికి సురక్షితమైనదే, కానీ ముదిరిన సుద్దపై అది చాలా నిదానంగా కదులుతుంది. ఒకసారికి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చోటుకు మించి పూయకూడదు. పెద్ద చోటంతా ఒకేసారి పూస్తే, యంత్రం అక్కడికి చేరేలోపు ద్రవం ఆరి అంటుకుపోతుంది. ముందుగా ద్రవాన్ని తక్కువ వేగంలో సమంగా పరచి, తర్వాత వేగం పెంచి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ప్యాడ్‌ను నెమ్మదిగా నడిపితే, మొదట మసకగా ఉన్న గోడ క్రమంగా తేటపడుతుంది. ప్యాడ్‌పై పేరుకునే తెల్లటి ముద్ద అంతా చెడిన జెల్‌కోటే. దాన్ని బ్రష్‌తో తరచూ దులపకపోతే ప్యాడ్ కోసే శక్తి పోయి, పని ముందుకు సాగకుండా వేడి మాత్రం పుడుతుంది.

ఆ వేడి విషయంలో జాగ్రత్త అవసరం. నీడలో, గోడ చేతికి చల్లగా తగిలే వేళలోనే పని చేయాలి. మూలల దగ్గర, అచ్చు గీతలు పైకి లేచిన చోట ప్యాడ్ మొత్తం భారం సన్నని అంచుపైనే పడుతుంది కాబట్టి అక్కడ జెల్‌కోట్ త్వరగా అరిగిపోతుంది. అలాంటి అంచులను ముందే మాస్కింగ్ టేప్‌తో కప్పి, చివర్లో చేత్తో రుద్దడం మంచిది. కిటికీల రబ్బర్లూ, నల్ల ప్లాస్టిక్ భాగాలూ కూడా టేప్ కిందే ఉండాలి. వాటిపై పడి ఆరిన ద్రవం తెల్లటి మరకగా మిగిలిపోతుంది, దాన్ని వదిలించడం గోడంతా పాలిష్ చేయడం కంటే విసుగు పుట్టించే పని.

ఇక ఫలితం. రోజంతా ఎండ పడని పక్కగోడపై ఒక్క దఫాతోనే చెట్టు కొమ్మల ప్రతిబింబాలు స్పష్టంగా కనిపించేంత మెరుపు వచ్చింది. ఎండ పడే పక్కపై రెండు దఫాలు పట్టింది, అయినా ఫలితం తృప్తికరంగానే ఉంది. ముందు కప్పు సంగతి వేరు. ఎండ, వాన, ఎదురుగాలిలో వచ్చి తగిలే పురుగులు, ఇసుక అన్నీ మొదట దెబ్బ తీసేది దాన్నే. అక్కడ ఈ ద్రవం సుద్దను కొంత తీసి మెరుపు తెచ్చినట్టు కనిపించినా, పక్క నుంచి చూస్తే మసక అలాగే ఉంది. ఇది ఉత్పత్తిలోని లోపం కాదు. దీన్ని ఉద్దేశించినది ఓ మోస్తరు సుద్ద వరకే, అంతకు మించిన స్థితికి ఎక్కువ కోత గల కాంపౌండ్‌ను ముందు వాడాలి. నేను 1000 నంబరు వాటర్ పేపర్, అంటే నీటితో వాడే గరుకు కాగితంతో తడిపి రుద్ది, ఇంకా నున్నటి 1500, 2000 నంబర్లతో ఆ గీతలను మాన్పి, జెల్‌కోట్‌కు పనికొచ్చే గట్టి కాంపౌండ్‌తో పాలిష్ చేసిన తర్వాతే దీన్ని ఆఖరి దశగా వాడాను. అప్పుడు ముందు కప్పు పక్కగోడలతో కలిసిపోయింది. వాటర్ పేపర్ పట్టడం భయపెట్టే పనే. గోడంతా పాలరాయి పొడి చల్లినట్టు తెల్లబడి, ఉన్నదీ పోయిందనిపిస్తుంది.

ఒకే సీసాలో కాంపౌండ్, మైనం రెండూ ఉండటంలో ఒక చిక్కు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఇందులోని నూనెలూ మైనమూ మిగిలిపోయిన సూక్ష్మ గీతలను, గుంటలను నింపేస్తాయి. అందువల్ల అప్పటికప్పుడు కనిపించే మెరుపులో కొంత నిజమైన నునుపు, కొంత ఆ నింపుడు. కొన్నిసార్లు కడిగాక మసక మళ్లీ తేలడానికి మూలం ఇక్కడే ఉంది. దీనికి విరుగుడు సులభం. మొదటి రెండడుగుల చోటు పూర్తి కాగానే, నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ చోటును తుడిచి చూడాలి. నూనె పోయిన తర్వాత కూడా మెరుపు నిలిస్తే పద్ధతి సరైనదే. వెలవెలబోతే ఇంకా కోత అవసరం. ఈ పరీక్ష లేకుండా గోడంతా పూర్తి చేయడం కంటే, కాంపౌండ్‌ను, మైనాన్ని వేర్వేరుగా కొనడమే నయమని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనను నేను కొట్టిపారేయను. ముదిరిన వాహనానికి వాళ్ల దారే సరైనది. ఓ మోస్తరు వాహనానికి మాత్రం ఒక దశ తగ్గడమంటే భుజాలకు ఎంత విశ్రాంతో పాలిషర్ పట్టినవారికే తెలుస్తుంది.

పాత వాహనాలపై ఉండే రంగు పట్టీల స్టిక్కర్లను ఇది బాగు చేస్తుందని మాత్రం ఆశించకూడదు. వినైల్ ఎండిపోయి పగిలిన చోట ప్యాడ్ తగిలితే ముక్కలుగా లేస్తుంది. వాటిని హీట్ గన్‌తో వేడి చేసి తీయగా మిగిలే నీడను పాలిష్ తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. స్టిక్కర్ కింద ఎండ సోకని జెల్‌కోట్‌కూ, బయట ఉన్న దానికీ రంగులోనే తేడా వచ్చి ఉంటుంది.

దీనికి ప్రత్యామ్నాయంగా ఎక్కువగా వినిపించేది నేలకు వేసే యాక్రిలిక్ ఫినిష్. గోడను శుభ్రంగా తోమి, ఆ ద్రవాన్ని మైక్రోఫైబర్ గుడ్డతో నాలుగైదు పలుచని పూతలుగా వేస్తే, యంత్రం లేకుండానే, తక్కువ శ్రమతో తడి గోడలాంటి నిగనిగ వస్తుందన్నది నిజమే. కానీ అది సుద్దను తీయదు, సుద్దపై కప్పు వేస్తుంది. తోమడంలో మిగిలిపోయిన పొడిపై పూత పట్టు నిలవదు. ఎండలో కొంతకాలానికి అది పసుపు తిరిగి, పొరలుగా లేచే స్థితి వస్తే, అమ్మోనియా ఉన్న స్ట్రిప్పర్‌తో మొత్తం కరిగించి తీయక తప్పదు. త్వరలో అమ్మివేసే వాహనానికో, పాలిషర్ పట్టే ఓపిక లేనివారికో అది పనికొస్తుందేమో గానీ, ఉంచుకోదలచిన వాహనంపై నేనైతే వేయను. సిరామిక్ పూతలది మరో ఎత్తు. అవి మైనం కంటే ఎక్కువ కాలం నిలిచే మాట వాస్తవమే అయినా, వాటి కింద ఉన్న గోడ ఎలా ఉంటే అలాగే బిగించేస్తాయి. పైగా మైనం అంటిన గోడపై అవి పట్టవు కనుక, సిరామిక్ వేయదలచినవారు ఈ సీసా జోలికి పోకుండా మైనం లేని కాంపౌండ్‌నే ఎంచుకోవాలి.

ఈ పని గురించి రాసేవాళ్లు నిచ్చెన సంగతి తరచూ మరిచిపోతారు. ఎత్తైన గోడపై రెండు చేతులతో పాలిషర్ పట్టుకుని నిచ్చెన మెట్టుపై నిలబడటం మంచిది కాదు. వెడల్పాటి పలక ఉన్న స్టాండు ఉంటే యంత్రాన్ని గోడకు సమంగా నడపవచ్చు, ప్యాడ్ ఒరిగిపోయి గుండ్రటి గుర్తులు పడటం కూడా తగ్గుతుంది. యంత్రం తీగను భుజం మీదుగా వేసుకోకపోతే అది ప్యాడ్‌లో చుట్టుకునే ప్రమాదముంది.

ఒకసారి మెరుపు వచ్చాక దాన్ని నిలబెట్టడానికి ఈ సీసానే మళ్లీ మళ్లీ వాడకూడదు. ఇందులో అరగదీసే పదార్థం ఉంది కనుక, వాడిన ప్రతిసారీ జెల్‌కోట్ కొంత తరుగుతుంది. గోడపై నీరు గుండ్రటి బొట్లుగా నిలవకుండా పలుచగా పరుచుకోవడం మొదలైతే మైనం పోయిందని అర్థం. ఆరుబయట నిలిపే వాహనంపై అది కొన్ని నెలల్లోనే జరుగుతుంది. అప్పుడు కాంపౌండ్ కలవని మామూలు మైనమో, పాలిమర్ సీలెంటో చేత్తో పూస్తే చాలు. కడగడానికి కూడా జిడ్డు తీసే ఘాటైన డిటర్జెంట్లు కాకుండా వాహనాల షాంపూనే వాడాలి, లేకపోతే పూసిన మైనం ఆ నీటితోనే పోతుంది.