రామగుండం బొగ్గా, రామగుండం ఎండా: ఏది మేలు?

రామగుండం ఎన్టీపీసీలో రెండు రకాల కరెంటూ పక్కపక్కనే పుడుతుంది. ఒకటి 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు. రెండోది రిజర్వాయర్ నీళ్ల మీద దాదాపు 500 ఎకరాల్లో తేలుతున్న సోలార్ ప్లాంటు, 100 మెగావాట్లు. ఇది 2022లో పూర్తయింది.

ఎన్ని బస్తాలు పండాయని కాదు, విత్తనం, కూలి, ఎరువు పోను ఎంత మిగిలిందని చూస్తాడు రైతు. కరెంటుకీ అదే లెక్క వెయ్యాలి.

గని దగ్గర చూస్తే బొగ్గుదే పైచేయి. తవ్వడానికి, వ్యాగన్లలో తేవడానికి పట్టే శక్తి దాని వేడి ముందు కొంచెమే. కానీ ఆ వేడిలో కరెంటయ్యేది మూడో వంతు లేదా కాస్త ఎక్కువ. మిగతాదంతా పొగలో, చల్లబరిచే నీళ్లలో పోతుంది. సోలార్ ప్యానెల్ అలా కాదు. తన తయారీకి పట్టిన శక్తిని మన ఎండలో ఒకటి రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఇచ్చేదంతా మిగులే.

అయితే సోలారే మేలని అక్కడితో ఆగిపోలేం. మా ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లున్నాయి. మంచి ఎండ రోజు 12 యూనిట్ల దాకా వస్తాయి. మధ్యాహ్నం ఇన్వర్టర్ మీద 2.3 కిలోవాట్లని కనిపించే అంకె సాయంత్రం ఆరున్నరకి సున్నా. సరిగ్గా అప్పుడే ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, కుక్కర్ అన్నీ మొదలవుతాయి. ఊరంతా అంతే.

పగటి కరెంటుని రాత్రికి దాచాలంటే శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోలా నీళ్లు పైకి తోడి, మళ్లీ కిందికి వదలాలి. అలా చేస్తే 100 యూనిట్లు పెట్టినచోట 75-80 దాకా చేతికొస్తాయి. స్థలం సంగతీ ఉంది. నా అంచనాలో 100 మెగావాట్ల సోలార్ ఏడాదికి ఇచ్చేది 20 కోట్ల యూనిట్ల లోపు. పక్కనున్న బొగ్గు ప్లాంటు 70 శాతం నడిచినా 1,600 కోట్లు. దాన్ని పూర్తిగా సోలార్‌కి మార్చాలంటే 40,000 ఎకరాలు కావాలి.

ఇంకో మాట. ప్యానెల్‌లోని సిలికాన్‌ని కొలిమిలో తీయడానికి ఇప్పటికీ బొగ్గు కావాలి. గాజుకీ, అల్యూమినియం ఫ్రేముకీ బోలెడు వేడి, కరెంటు పడతాయి. అందుకే మిగిలిన బొగ్గు నా దృష్టిలో విత్తనపు గింజ. పగలు ఎండ ఉండగా దాన్ని కాల్చెయ్యడమంటే విత్తనాలు వండుకు తినడమే. పగటికి సోలార్, వ్యవసాయ మోటార్లు కూడా పగలే. బొగ్గు రాత్రికీ, ముసురు రోజులకీ. ఇప్పటికి ఇదే మేలని నమ్ముతున్నాను.

మా ఇంట్లో ట్యాంకు మోటారు, వాషింగ్ మెషీన్, ఇడ్లీ పిండి గ్రైండర్ మధ్యాహ్నం పన్నెండుకి మార్చేశాం. రాత్రికి మిగిలింది లైట్లు, ఫ్యాన్లు, కుక్కరే.