‘సింగిన్ ఇన్ ది రెయిన్’ 4కె డిస్క్: పాదాలు తెగకుండా చూడాలంటే

1952లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం తీసిన ‘సింగిన్ ఇన్ ది రెయిన్’కు డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంగా 2022లో వార్నర్ సంస్థ 4కె డిస్క్ (బ్లూ-రే కంటే స్పష్టమైన బొమ్మ ఉండే డిస్క్) తెచ్చింది. నిడివి 103 నిమిషాలు. పాత హాలీవుడ్ డాన్స్ సినిమాల్లో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి. దర్శకులు జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ ఇందులో మనిషిని తల నుంచి బూటు దాకా ఫ్రేములో ఉంచి, వీలైనంత పొడుగు షాట్లలో డాన్స్ చూపించారు. 1930ల్లో ఆర్‌కేఓ స్టూడియోలో డాన్సర్ ఫ్రెడ్ ఆస్టెయిర్ పట్టుబట్టి నిలబెట్టిన పద్ధతి ఇది. బీటుకో షాట్ మారే పాటలకు అలవాటుపడిన కంటికి మొదట నెమ్మదిగా అనిపించవచ్చు. రెండో పాటకల్లా చూపు పాదాల మీదికి దిగుతుంది, ఇక అక్కడి నుంచి కదలదు.

బొమ్మ నాణ్యత చాలా బాగుంది. అది ఎంత కష్టమైన పనో తెలిస్తే మరీ మెచ్చుకుంటారు. టెక్నికలర్ అనే ఆనాటి రంగుల పద్ధతి కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దేనికదే ఒక నలుపు-తెలుపు నెగెటివ్ మీద పడేది. ఏళ్లు గడిచేకొద్దీ మూడు ఫిల్ములూ ఒకే కొలతలో కుంచించుకుపోవు. వాటిని కలిపినప్పుడు అంచుల్లో రంగు గీతలు తేలేది అందుకే. పైగా ఈ సినిమా అసలు నెగెటివ్ చాలా వరకు 1978లో జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అనే ఫిల్మ్ భాండాగారం అగ్నిప్రమాదంలో పోయింది. తర్వాతి తరం ఫిల్ము, అంటే దాని నుంచి తీసిన కాపీల నుంచే పునరుద్ధరించినా, డిస్క్ మీద అంచులు శుభ్రంగా ఉన్నాయి. సినిమాలోని పొడుగైన డాన్స్ ఘట్టం బ్రాడ్‌వే బాలేలో నర్తకి సిడ్ చరిస్ ఆకుపచ్చ గౌను రంగు టీవీ మీద ఇంత నిండుగా రావడం సంతోషం. ఒక సీను కరిగి మరో సీనులోకి మారేచోట్ల మాత్రం బొమ్మ కాస్త మెత్తబడుతుంది. అది ఆనాటి ఆప్టికల్ ప్రింటింగ్ (ఫిల్మును మళ్లీ ఫిల్ము మీదికి కాపీ చేసే పద్ధతి) లక్షణం, డిస్క్ లోపం కాదు.

కెల్లీ వానలో ఆడే పాట గురించి ఒక మాట. నీళ్లలో పాలు కలిపారన్న కథ ఇప్పటికీ తిరుగుతోంది, నమ్మకండి. చినుకులు అంత స్పష్టంగా కనిపించడానికి కారణం వెనక నుంచి వేసిన లైట్లు. పట్టపగలు స్టూడియో వీధి సెట్టు మీద నల్ల టార్పాలిన్లు కప్పి రాత్రిని తెచ్చారు. కెల్లీ జ్వరంతోనే ఆడాడు. అంత ఒంటి నొప్పితో ఆ నవ్వు ఎలా వచ్చిందో, ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

ఇక టీవీ సంగతి. ఎంత మంచి డిస్కునైనా పాడుచేసేది ఇదే.

మొదటిది ఫ్రేము. ఈ సినిమా 1.37:1 కొలతలో ఉంది, కాబట్టి ఇప్పటి 16:9 తెర మీద అటూ ఇటూ నల్ల పట్టీలు రావాలి. తెర నిండాలని జూమ్ చేస్తే బొమ్మ ఎత్తులో దాదాపు 23 శాతం పోతుంది. పోయేది తలలు, పాదాలే. సాగదీస్తే సిడ్ చరిస్ పొడుగు కాళ్లు పొట్టివవుతాయి. పిక్చర్ సైజును ‘ఒరిజినల్’లో పెట్టండి. ఎల్‌జీ టీవీల్లో ‘జస్ట్ స్కాన్’ కూడా ఆన్ చేయండి, లేకపోతే ఓవర్‌స్కాన్ (బొమ్మను టీవీ కాస్త పెద్దది చేసి చూపడం) వల్ల అంచులు తెగుతాయి.

రెండోది కదలిక. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు టీవీ సొంతంగా మధ్య ఫ్రేములు పుట్టించి చేరుస్తుంది. ఎల్‌జీలో దీని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ‘మేక్ ఎమ్ లాఫ్’ పాటలో నటుడు డోనాల్డ్ ఓకానర్ గోడ మీదికి పరుగెత్తి వెనక్కి పల్టీ కొట్టేచోట ఇది తడబడుతుంది, కాళ్ల చుట్టూ మసక వలయాలు కనిపిస్తాయి. పూర్తిగా ఆపేయండి. టీవీ సొంత మార్పులన్నీ ఆపే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెడితే చాలు.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, శబ్దం. ట్యాప్ డాన్సులో బూట్ల అడుగు లోహపు రేకులు నేలకు తగిలి చేసే చప్పుళ్లు షూటింగులో దొరికినవి కావు, తర్వాత స్టూడియోలో బొమ్మ చూస్తూ విడిగా రికార్డు చేసినవి. అంత జాగ్రత్తగా అతికించిన చప్పుడును బ్లూటూత్ సౌండ్‌బార్ ఇట్టే చెడగొడుతుంది. ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే బూటు నేలను తాకిన రెండు ఫ్రేముల తర్వాత గానీ టక్కుమనదు. మాటల్లో తెలియని తేడా ట్యాప్‌లో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. టీవీలోని ఆడియో డిలే సెట్టింగు సాధారణంగా శబ్దాన్ని ఇంకా వెనక్కే నెడుతుంది, ముందుకు తేలేదు. అందుకే సౌండ్‌బార్‌ను టీవీలోని ‘హెచ్‌డీఎంఐ ఆర్క్’ అని రాసి ఉన్న పోర్టుకు కేబుల్‌తో కలపండి. సరిచూసుకోవడానికి ‘మోజెస్ సపోజెస్’ పాట పెట్టండి. కెల్లీ, ఓకానర్ ఇద్దరి కాళ్లూ ఒక్కసారే పడే చోట్లు అందులో బోలెడు.

కొనేముందు: 4కె డిస్కులకు రీజియన్ తాళం (ఒక ప్రాంతపు డిస్క్ వేరే ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా చేసేది) లేదు. బ్లూ-రేలకు ఉండొచ్చు, అమెరికాది ‘ఎ’, మన దేశానిది ‘సి’. 4కె ప్లేయర్ లేకపోతే డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 సరిపోతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. పాత పాల్ (ఒక టీవీ పద్ధతి) డీవీడీతో సరిపెట్టుకోవద్దు. సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి సినిమా నాలుగు శాతం వేగం పెరిగి 99 నిమిషాల్లో అయిపోతుంది. డాన్సు లయే మారిపోతే ఇక చూసేదేముంది?

దీని తర్వాత ఆస్టెయిర్ గోడల మీద, పైకప్పు మీద ఆడే ‘రాయల్ వెడ్డింగ్’ (1951) కొనాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. కాపీరైట్ రెన్యువల్ జరగక ఆ సినిమా అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లోకి పోయింది, అంటే ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరు పడితే వాళ్లు వేసిన వెలిసిపోయిన డిస్కులు, ఉచిత వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. గది మొత్తాన్ని పెద్ద చట్రంలో బిగించి, కెమెరాతో సహా తిప్పుతూ తీసిన పాట అది. మసక కాపీలో ఆ పనితనం తెలియదు. వార్నర్ ఆర్కైవ్ ముద్ర ఉన్న బ్లూ-రే మాత్రమే తీసుకోండి.