కడప ఎండలో సబ్‌మెరైనరా, సీమాస్టరా?

రోలెక్స్ సబ్‌మెరైనర్, ఒమేగా సీమాస్టర్ రెండూ డైవింగ్ వాచీలు. రెండూ 300 మీటర్ల నీటిలోతును తట్టుకునేవే, రెండింటికీ ఐదేళ్ల వారంటీ. తేదీ లేని రోలెక్స్ సబ్‌మెరైనర్ 41 మిల్లీమీటర్లు, ఒకసారి కీ నిండితే 70 గంటలు నడుస్తుంది. ఒమేగా సీమాస్టర్ డైవర్ 42 మిల్లీమీటర్లు, 55 గంటలు. శుక్రవారం రాత్రి తీసిపెడితే సోమవారం పొద్దున సీమాస్టర్ ఆగిపోయి కనిపిస్తుంది.

మే నెల ఎండకు మణికట్టు ఉబ్బి చైన్ బిగుసుకుంటుంది. సబ్‌మెరైనర్ కొక్కేన్ని పనిముట్టు లేకుండానే 2 మిల్లీమీటర్ల చొప్పున 20 దాకా సాగదీయొచ్చు. రోజూ పెట్టుకునేవాళ్లకు మా ఓటు దీనికే. మోటార్లు, వెల్డింగ్ మధ్య తిరిగేవాళ్లకు మాత్రం ఒమేగానే మేలు, 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా అయస్కాంతాన్నీ ఓర్చుకుంటుంది.

రెండింటి బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే వలయం) సిరామిక్‌దే. గీతలు అంత సులువుగా పడవు గానీ కడప బండల మీద పడితే పగలొచ్చు. వాచీ పక్కనుండే కీ మరను పూర్తిగా బిగించకపోతే చెమట, నీళ్లు లోపలికి దిగుతాయి.

తిరిగి అమ్మేటప్పుడు సబ్‌మెరైనర్‌దే పైచేయి. కొత్త ఒమేగా షాపు దాటగానే విలువ పోగొట్టుకుంటుంది, అందుకే దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనడం తెలివైన పని. డబ్బా, వారంటీ కార్డు, తీసేసిన లింకులు దాచండి. పాలిష్ పట్టించొద్దు, అంచులు అరిగిన వాచీకి ధర పలకదు.