డెండ్రోమీటర్ పట్టీల కిట్: కొనొచ్చు, స్ప్రింగులు మాత్రం మీవి పెట్టుకోండి

ఉష్ణమండల అడవుల్లో చెట్ల పెరుగుదల కొలిచే పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా మొదట అడిగేది ఇదే: కాండం చుట్టూ కట్టి అది ఎంత లావెక్కిందో చూసే డెండ్రోమీటర్ పట్టీల కిట్ రెడీమేడ్‌గా తెప్పించుకోవాలా, టేపుతోనే నెట్టుకురావచ్చా అని. వాతావరణ మార్పు వల్ల అడవి ఎంత కార్బన్ పట్టి ఉంచగలుగుతోందో చూసే ప్రాజెక్టులో నేను ఫీల్డు పని చూస్తాను. టేపు, పట్టీ, ఎలక్ట్రానిక్ సెన్సరు మూడూ నా చేతుల మీదుగా వెళ్లినవే. పట్టీకి నా ఓటు ఉంది, కానీ అట్టపెట్టె మీద రాసినంత సులువు వ్యవహారం కాదు.

కిట్‌లో ఉండేవి: సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు చుట్ట ఒకటి, రేకు జారడానికి చిన్న తొడుగులు, స్ప్రింగులు, కన్నాలు వేసే పంచ్. ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర రేకును కాండం చుట్టూ తిప్పి, ఒక కొసను తొడుగులోంచి దూర్చి, స్ప్రింగుతో బిగిస్తాం. తొడుగు పక్కన రేకులో చిన్న కిటికీ కోసి ఉంటుంది. చెట్టు లావెక్కే కొద్దీ స్ప్రింగు సాగి, కిటికీ అంచు తొడుగుకు దూరం జరుగుతుంది. ఆ సందును కాలిపర్‌తో, అంటే సన్న సందుల్ని కొలిచే పనిముట్టుతో, కొలిచి పుస్తకంలో రాసుకోవడమే. బ్యాటరీ లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, వానకు తడిసి మొరాయించేది ఏదీ లేదు. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది అదే.

మరి టేపుతో ఇబ్బంది ఏమిటి? చెట్టు మీద రంగు గీత గీసి, సరిగ్గా దాని మీదే చుట్టినా ఒకరి కొలతకూ ఇంకొకరి కొలతకూ మిల్లీమీటరో రెండో తేడా వస్తుంది. ఈ అడవుల్లో చాలా చెట్లు ఏడాదంతా కలిపి వ్యాసంలో పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. పెద్ద చెట్ల నీడన పడి ఉన్నవైతే ఒక్క మిల్లీమీటరు కూడా దాటవు. అలాంటి చోట టేపు చూపించింది పెరుగుదలో, కొలిచినవాడి చెయ్యో చెప్పలేం. పట్టీ అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఆ పేచీ చాలావరకు పోతుంది. వ్యాసం 2 మిల్లీమీటర్లు పెరిగితే సందు 6 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుంటుంది, అది మామూలు కంటికే తెలిసిపోతుంది.

అలాగని టేపును తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో శాస్త్రవేత్తలు స్టీఫెన్ హబెల్, రాబిన్ ఫోస్టర్ 1980ల మొదట్లో 50 హెక్టార్ల ప్లాటు వేసి, అంటే అడవిలో అంత ముక్కకు హద్దులు గీసి, 1 సెంటీమీటరు వ్యాసం ఉన్న మొక్క దగ్గర్నుంచి ప్రతి కాండాన్నీ లెక్కలోకి తెచ్చారు. ఐదేళ్లకోసారి మళ్లీ కొలిచే పద్ధతి అక్కడి నుంచే మిగతా అడవులకు పాకింది. మన తమిళనాడులోని ముదుమలై అడవిలో 1988లో వేసిన 50 హెక్టార్ల ప్లాటు కూడా ఆ కోవలోదే. అమెజాన్ అడవి కార్బన్‌ను పట్టి ఉంచే వేగం 1990లతో పోలిస్తే మూడో వంతు తగ్గిందని 2015లో తేల్చింది కూడా ఇలా ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలిచిన 321 ప్లాట్ల లెక్కలతోనే. ఏళ్లు గడిచేసరికి పెరుగుదల పేరుకుంటుంది, టేపు తెచ్చే తేడా దాని ముందు చిన్నదైపోతుంది.

పట్టీ అవసరం పడేది ప్రశ్న మారినప్పుడు. కోస్టారికాలోని లా సెల్వాలో డెబోరా క్లార్క్, డేవిడ్ క్లార్క్ బృందం 1984 నుంచి 2000 దాకా ఏటేటా పెద్ద చెట్లను కొలిచి, రాత్రిళ్లు వేడిగా ఉన్న ఏళ్లలో చెట్లు తక్కువగా పెరిగాయని చూపించింది. చెట్టు పగలు సంపాదించుకున్న దాంట్లో కొంత రాత్రి శ్వాసకే ఖర్చు పెడుతుంది. రాత్రి వేడెక్కితే ఆ ఖర్చూ పెరుగుతుంది. ఇప్పుడు మనకు కావాల్సింది ఇంకో మెట్టు కింద: ఏ నెలలో ఆగింది, ఏ జాతి ముందు ఆగింది, వాన పడ్డాక ఎన్నాళ్లకు తేరుకుంది? నెలనెలా టేపు పట్టుకుని తిరిగితే దీనికి జవాబు దొరకదు. పట్టీతో దొరుకుతుంది.

కానీ పట్టీకి కర్రకూ నీటికీ తేడా తెలియదు. కిట్‌తో వచ్చే కాగితం దీన్ని ఒక్క వాక్యంలో దాటేసింది. ఎండాకాలంలో కాండం, బెరడు నీళ్లు కోల్పోయి కుంచించుకుపోతాయి, సందు కిందటి నెలకన్నా చిన్నదవుతుంది. కొత్త కుర్రాళ్లు దాన్ని చూసి టెన్షన్ పడిపోతారు, పట్టీ జారిందేమోనని విప్పి మళ్లీ కట్టేస్తారు, దాంతో ఆ చెట్టు రికార్డు పోయినట్టే. తొలి వాన పడగానే సందు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అది పెరుగుదల కాదు, దాహం తీరడం. అందుకే ఏడాది పెరుగుదల కావాలంటే ఈ వానాకాలం కొలతను పోయిన వానాకాలం కొలతతోనే పోల్చాలి. రోజులో కూడా కాండం ఉబ్బు మారుతూ ఉంటుంది, పొద్దున్నే ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. కాబట్టి కొలతలన్నీ పొద్దున్నే ముగించుకోవడం మేలు. స్టీలు కూడా ఎండకు సాగుతుంది. ఈ రకం రేకు మీటరు పొడవుంటే 10 డిగ్రీల తేడాకు దాదాపు 0.17 మిల్లీమీటర్లు. నీడలో నెమ్మదిగా పెరిగే చెట్టుకు అది కూడా లెక్కలోకి వచ్చేదే.

ఇక కిట్ నాణ్యత. రేకు బ్రహ్మాండం, వంకపెట్టడానికి లేదు. స్ప్రింగుల దగ్గరే కక్కుర్తి పడ్డారు. స్టెయిన్‌లెస్ అని రాసి పంపినవి ఒక వానాకాలం గడిచేసరికి కొక్కేల దగ్గర తుప్పు పట్టి, వేలితో లాగితే పొడిపొడిగా రాలాయి. కంపెనీకి రాస్తే కొత్తవి పంపారు, అవీ అదే సరుకు. పైగా అన్ని చెట్లకూ ఒకటే సైజు స్ప్రింగు: లావు మానుకు, గరుకు బెరడుకు అది చాలదు, రేకు బెరడుకు పట్టుకుని జారదు; సన్న మొక్కకు అదే బిగుతై పల్చటి బెరడులోకి దిగుతుంది.

కట్టిన వెంటనే వచ్చే లెక్కల్ని నమ్మకండి. రేకు బెరడు మీద సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, ఆ వదులు పోయేదాకా పెరుగుదల తక్కువగా కనిపిస్తుంది. మొదటి సీజన్ కొలతలు మేం వాడం. బెరడు పలకలుగా ఊడిపోయే చెట్లకు పట్టీ దండగ. గోడల్లా లేచిన వేళ్లున్న మానులకు ఆ వేళ్లు ముగిసిన చోటికి పైన కట్టాలి, అంటే ప్రతిసారీ నిచ్చెన మోయాలి. చెదలు పట్టీ మీదుగా మట్టి గూడు కట్టుకుంటూ పోతే మెత్తని బ్రష్‌తోనే దులపండి, కత్తి మొన పెట్టి గీకితే పట్టీ కదిలిపోతుంది. ఏనుగులు ఒళ్లు రుద్దుకునే చెట్టయితే ఏ కంపెనీ గ్యారంటీ ఇచ్చినా ఒకటే.

ఎలక్ట్రానిక్ సెన్సర్ల సంగతి క్లుప్తంగా: మిల్లీమీటరులో వెయ్యో వంతు కదలికను కూడా గంటగంటకూ రాసిపెడతాయి. చెట్టు నీళ్లెలా తాగుతోందో చూడాలంటే వాటికి సాటి లేదు. కానీ కాండం మీద ఒక్క చోటే కొలుస్తాయి, పట్టీలా చుట్టూ కాదు. వైరు కొరికే ఎలుకలు, పెట్టెలోకి చేరే చీమలు, అయిపోయే బ్యాటరీలు, ఈ తలనొప్పులన్నీ అదనం. కొన్ని చెట్లకు ఇవి, మిగతా వందలాది చెట్లకు పట్టీలు పెట్టుకోవడమే నాకు సబబనిపిస్తుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు రేకు మీ చెట్ల చుట్టుకొలతల మొత్తం కన్నా బాగా ఎక్కువే తెప్పించుకోండి. తొడుగు దాటి జానెడు కొస వదిలితేనే ఏళ్ల తరబడి విప్పకుండా నడుస్తుంది. కోసిన అంచు బ్లేడులా ఉంటుంది, చేతికి తొడుక్కునే గ్లౌజులు కిట్‌లో రావు.