రిటైరైన రేసు గుర్రంతో డ్రెసాజ్: మూడేళ్ల తర్వాత నా అభిప్రాయం

డ్రెసాజ్ అంటే రౌతు చిన్న సైగలకే గుర్రం చెప్పినట్టు కుదురుగా కదిలేలా చేసే స్వారీ. ముందే చెప్పేస్తున్నా, మూడేళ్లలో నేను నేర్చుకున్నది నడక, ట్రాట్ (నడక కంటే వేగమైన దుడుకు అడుగు), కాస్త క్యాంటర్ (నెమ్మది దౌడు), గుండ్రంగా తిరగడం, అంతే. నెల ఖర్చు మాత్రం నా కారు ఈఎంఐ కంటే ఎక్కువ. అయినా డబ్బు దండగ అనిపించలేదు.

స్టేబుల్ హైదరాబాద్ శివార్లలో. గుర్రం రేసుల్లో పరిగెత్తి రిటైరైన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి), బయటి దేశాల నుంచి తెప్పించే డ్రెసాజ్ గుర్రాల ధర ముందు దీని ధర ఒక లెక్కే కాదు. తిప్పలెక్కడంటే, పగ్గాలు బిగిస్తే ఆ బిగింపు మీద ఆనుకుని ఇంకా జోరందుకోవడం దానికి రేసుల్లో అయిన అలవాటు. నేను భయపడి లాగే కొద్దీ అది దూసుకుపోయేది. అంతకుముందు నేర్చుకున్న చోట దీనికి అదనపు పగ్గాలు కట్టి తల కిందికి దించేవాళ్లు. ఫొటోల్లో మెడ భలే వంపు తిరిగి కనిపించేది, వీపు మాత్రం చెక్కలా ఉండేది. ఏడాది అలా పోయింది.

ఇప్పటి సార్ ఆర్మీలో గుర్రాలతో పనిచేసి వచ్చారు. మొదటి రోజే అవన్నీ విప్పించి, నా చేతుల్లోని మామూలు పగ్గాలు కూడా తీసేసుకున్నారు. పాదాలు ఆనించే రికాబులు కూడా లేవు. గుర్రానికి పొడవాటి తాడు, తాడు ఆయన చేతిలో, నేను జీను మీద బియ్యం బస్తాలా ఊగుతూ. నాలుగు నెలలు ఇదే పని, ఇంట్లోవాళ్లు "ఇంకా తాడు విప్పలేదా" అని ఒకటే నవ్వు. నా చేతులు ఊగుతున్నది నడుము కుదురుగా లేకనేనని తెలియడానికి ఆ నాలుగు నెలలూ పట్టాయి.

తర్వాత 20 మీటర్ల సర్కిల్. వినడానికి ఎంత తేలికో! సార్ ఇసుక మీద సున్నంతో సర్కిల్ గీసి, నేను రెండు చుట్లు తిరిగాక గుర్రం దింపి డెక్కల గుర్తులు చూపించేవారు. "చూడమ్మా, గుడ్డు పెట్టావు" అనేవారు. నిజంగానే ఒకవైపు సాగిపోయి కోడిగుడ్డులా ఉండేది.

హాఫ్ హాల్ట్ అంటే ఆగమని చెప్పకుండా ఆగబోతున్నట్టు ఒక్క క్షణం కూర్చోవడం. ఏడాదిన్నర ఆ మాట వింటూనే ఉన్నా, ఒంటికి ఎక్కలేదు. ఒక డిసెంబర్ పొద్దున ట్రాట్‌లో ఉండగా ఊపిరి వదిలి నడుము బిగించాను, పగ్గాలు లాగలేదు. దాని ఎడమ చెవి నా వైపు తిరిగింది, వీపు జీను కింద పైకి లేచినట్టయింది, అడుగు నెమ్మదించింది కానీ ఊపు తగ్గలేదు. మూడు అడుగులు, అంతే, మళ్లీ పాత గోలే. సార్ ఏమీ అనకుండా సైస్‌ని (గుర్రాన్ని చూసుకునే మనిషిని) బెల్లం ముక్క తెమ్మన్నారు, అదీ గుర్రానికే.

ఖర్చు లెక్కేసుకునేవాళ్లకు ఒక మాట. రెండో వానాకాలం డెక్కలో చీము పట్టి ఐదు వారాలు స్వారీ లేదు, బిల్లు మాత్రం మొత్తం కట్టాను. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని ఊరికే అనలేదు.

జర్మన్లు ఈ శిక్షణను ఆరు మెట్లుగా చెబుతారు: లయ, ఒంటి వదులు, కళ్లెంతో నిలకడైన స్పర్శ, ఊపు, సూటిదనం, చివరికి బరువును వెనక కాళ్ల మీదికి కూడదీసుకోవడం. మేం మూడో మెట్టు మీద ఉన్నాం, అదీ మంచి రోజుల్లో. స్టేబుల్‌లో పెట్టుకున్న చిన్న టెస్టులో మొదటిసారి 54 శాతం, ఈ ఏడాది 62. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్లు డ్రెసాజ్ టీమ్ స్వర్ణం తెచ్చాక "ఇదీ ఒక ఆటేనా" అని అడిగేవాళ్లు తగ్గారు, "మరి నువ్వెప్పుడు?" అనేవాళ్లు తయారయ్యారు.

సార్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. వీడియో తీయనివ్వరు, కారణం చెప్పకుండా "మళ్లీ చెయ్" అంటారు, ఫోన్ ఎత్తరు. పదిహేను రోజులకోసారి ఆయనే ఎక్కి పది నిమిషాలు తిప్పుతారు, అప్పుడు నా గుర్రం ఎవరిదో అనిపిస్తుంది, కుళ్లుకుంటాను కూడా. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఫోన్ ఎత్తనందుకు. ఎడమవైపు క్యాంటర్ ఇంకా కుదరలేదు, అది మాత్రం నా తప్పే.