మూడు ఇళ్లు, మూడు నెట్ కనెక్షన్లు: మెక్సికోలో పదకొండు నెలల అనుభవం

మెక్సికోకు ఉద్యోగం మీద వెళ్లే మనవాళ్లు అద్దె ఇల్లు చూసుకునేటప్పుడు వంటగది, నీళ్లు, ఆఫీసు దూరం అడుగుతారు గాని, ఆ గోడలోంచి లోపలికి వచ్చే నెట్ తీగె ఏ రకందని అడగరు. మేమూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల కెరేతరో ఊళ్లో నాలుగు నెలలూ, నాలుగు వేల పెసోలకు పైగా డబ్బూ, మా ఆవిడ నిద్రా పోగొట్టుకున్నాం. మేమున్న రోజుల్లో పెసో అంటే సుమారు నాలుగున్నర రూపాయలు. మా తర్వాత వెళ్లేవాళ్లకు ఈ పాట్లు తప్పాలన్నదే ఈ రాతకు కారణం.

ముందు మా అవసరం ఏమిటో చెప్పాలి. నా పని పగటి పూట, అక్కడి ఆఫీసులోనే. మా ఆవిడ మాత్రం హైదరాబాదులోని తన ఉద్యోగాన్ని వదులుకోకుండా ఇంటి నుంచి చేస్తానని కంపెనీని ఒప్పించి నాతో వచ్చింది. మెక్సికో నడిమి ప్రాంతానికీ మనకూ పదకొండున్నర గంటల తేడా. 2022లో వాళ్లు వేసవి గడియారం మార్చే పద్ధతిని ఎత్తేశారు కాబట్టి ఈ తేడా ఇప్పుడు ఏడాది పొడుగునా ఒకటే. హైదరాబాదులో ఉదయం తొమ్మిదిన్నరకు మీటింగు మొదలైతే కెరేతరోలో ముందు రోజు రాత్రి పది గంటలు అవుతుంది. మెక్సికోలో ఇంటిల్లిపాదీ భోజనాలు ముగించి టీవీల ముందు, ఫోన్ల ముందు కూర్చునే వేళ సరిగ్గా అదే. నెట్ మీద భారం ఎక్కువయ్యే ఆ వేళే మా ఇంట్లో ఆఫీసు తెరుచుకునేది. పగలు ఎంత స్పీడు వచ్చినా మాకు ఒరిగేదేమీ లేదు. రాత్రి పదింటికి ఎంత వస్తుందన్నదే మా లెక్క.

మొదట మెక్సికో నగరంలో నార్వార్తె అనే పేటలో మూడు వారాలు ఉన్నాం. అక్కడ నెట్, నీళ్లు, కరెంటు అన్నీ సక్రమంగా ఉన్నాయి, చెప్పుకోవడానికేమీ లేదు.

కెరేతరో చేరాక పాత ఊరి మీద మనసు పడ్డాం. డెబ్బై నాలుగు కమానుల రాతి నీటి కాలువ, 1996లో యునెస్కో గుర్తించిన పాత వీధులు, మధ్యలో ముంగిలి ఉన్న ఇళ్లు చూసి, మన లోగిళ్లు గుర్తొచ్చి, మా ఆవిడే ముందు సరేనంది. అద్దె 14,500 పెసోలు, ఒక నెల అడ్వాన్సు. ఇల్లు చూపించిన బ్రోకరు తన ఫోనులో స్పీడు కొలిచి 87 ఎంబీపీఎస్ అని చూపించాడు. అది ఇంటి వైఫై స్పీడు కాదని, అతని సొంత సిమ్ము డేటాతో కొలిచిందని ఇంట్లో దిగిన రెండో రోజున గాని మాకు తెలియలేదు. ఇంట్లో అసలు కనెక్షనే లేదు. గోడకు వేలాడుతున్న తీగె ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్లది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మీ ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫైకి కలిపి, మీ చేత్తో కొలవండి. వీలైతే రాత్రి వేళ వెళ్లండి.

మెక్సికోలో ఇంటి నెట్ ఇచ్చే పెద్ద కంపెనీలు నాలుగు. తెల్మెక్స్ 1990 దాకా ప్రభుత్వానిది, తర్వాత కార్లోస్ స్లిమ్ బృందం చేతికి వచ్చింది. దాని నెట్ సర్వీసుకు ఇన్‌ఫినితుమ్ అని పేరు. మేమున్న రోజుల్లో దానికి టీవీ చానెళ్లు ఇచ్చే అనుమతి లేదు కాబట్టి అక్కడ దొరికింది ఫోనూ నెట్టూ మాత్రమే. ఇజ్జీ తెలెవీసా వాళ్లది, మెగాకేబ్లే గ్వాదలహారా కేంద్రంగా పెరిగింది. ఈ రెండూ కేబుల్ టీవీ నుంచి నెట్‌లోకి వచ్చినవి, ఇప్పుడు పేటల వారీగా ఫైబర్‌కు మారుతున్నాయి. తోతల్‌ప్లే సలీనాస్ బృందానిది, ఇంటి దాకా ఫైబరే వేస్తుంది. ఇవి కాక ఊరూరా చిన్న ఆపరేటర్లున్నారు. అయితే ఈ పేర్లు పక్కపక్కన పెట్టి ఏది మంచిదని అడగడంలోనే మా పొరపాటంతా ఉంది. ఒకే కంపెనీ ఒక వీధిలో కొత్త ఫైబర్ ఇస్తుంది, రెండు వీధుల అవతల ఇరవై ఏళ్ల నాటి రాగి తీగె మీద నెట్టుకొస్తుంది. బిల్లు మాత్రం రెండు చోట్లా ఒకటే. అందుకే నేను పడ్డ కష్టానికి కారణమైన కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. అదే కంపెనీ మీ వీధిలో చక్కగా పనిచేస్తుండవచ్చు.

మా వీధిలోకి కంపెనీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు వచ్చి, వంద ఎంబీపీఎస్ నెలకు 480 పెసోలేనని, బిగింపు ఖర్చు 500 అని చెప్పాడు. అక్కడి వాళ్లు ఎంబీపీఎస్ అనరు, "మెగాస్" అంటారు. హైదరాబాదులో మేం పన్నులతో కలిపి 940 రూపాయలు కట్టేవాళ్లం. ఇది 2,160 రూపాయలయినా పరాయి దేశంలో ఇంతేనేమోననుకున్నాం. కాగితంలో పన్నెండు నెలలు ఉండి తీరాలని ఉంది. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చిన్న అక్షరాల్లో ఉంది. నా స్పానిష్ అప్పటికి కూరగాయల బేరం దాకానే వచ్చింది. చదవకుండా సంతకం పెట్టాను. ఆ సంతకం మీద మా ఆవిడకు నాతో నెల రోజులు మాటపట్టింపు నడిచింది, అందులో తప్పు నాదే.

మొదటి వారం పగలంతా 90 దాకా వచ్చేది. రాత్రి తొమ్మిది దాటితే 11కు పడిపోయేది, అప్‌లోడ్ రెండుకు మించేది కాదు. కేబుల్ టీవీ తీగె మీద వచ్చే నెట్‌లో వీధిలోని ఇళ్లన్నీ ఒకే దారిని పంచుకుంటాయి కాబట్టి అందరూ ఒక్కసారి వాడితే అందరికీ తగ్గుతుంది. పైగా ఆ తీగెలో ఇంటికి వచ్చే దారికి వెడల్పు ఎక్కువ ఇచ్చి, ఇంటి నుంచి వెళ్లే దారిని ఇరుకు చేస్తారు. సినిమా చూసేవాడికి ఆ ఇరుకు తెలియదు. మీటింగులో తన ముఖమూ గొంతూ అవతలి వాళ్లకు చేరాల్సిన మనిషికి మాత్రం ఆ ఇరుకే ప్రాణం తీస్తుంది. కంపెనీల ప్రకటనల్లో పెద్ద అంకె ఎప్పుడూ డౌన్‌లోడ్‌దే. అప్‌లోడ్ ఎంతో విడిగా అడిగి, కాగితం మీద రాయించుకోండి.

దానికి తోడు ఆ ఇంటి గోడలు రెండడుగుల మందం. ముందు గదిలో ఉన్న రౌటర్ సిగ్నలు ముంగిలి దాటి పడకగదికి చేరేది కాదు. ఇరవై అయిదు మీటర్ల ల్యాన్ కేబుల్ 310 పెసోలకు కొని చూరు వెంబడి లాగాను. పాత ఇళ్లలో ఉండేవాళ్లకు ఇదే నమ్మకమైన దారి, సిగ్నలు పెంచుతామని అమ్మే చిన్న పెట్టెలకు డబ్బు తగలేయకండి.

జూలైలో వానలు ముదిరాయి. ఒక శనివారం సాయంత్రం ఉరుములతో వాన పడి, కరెంటు పోయి వచ్చాక నెట్ రాలేదు. ఫోను చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు, దాన్ని అక్కడ ఫోలియో అంటారు. టెక్నీషియన్ "అహోరితా" వస్తాడన్నారు. అంటే ఇప్పుడేనని మేం అర్థం చేసుకున్నాం. ఆ మాటకు ఈ క్షణమనీ, ఈ సాయంత్రమనీ, ఏదో ఒక రోజనీ కూడా అర్థముందని తర్వాత తెలిసింది. మూడో రోజు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు మధ్య వస్తారని సందేశం వచ్చింది. రాత్రంతా ఫోను డేటాతో పని చేసిన మా ఆవిడ, పడుకుంటే తలుపు చప్పుడు వినపడదేమోనని వీధి గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. సాయంత్రం నాలుగుంబావుకు ఫోనులో సందేశం వచ్చింది: మా మనిషి వచ్చాడు, ఇంట్లో ఎవరూ లేరు, ఫిర్యాదు ముగించాం. వీధిలోకి ఎవరూ రాలేదు. అదే రకం సందేశం ఆ వారంలో ఇంకో రెండుసార్లు వచ్చింది. నేను ఇంటికి వచ్చేసరికి ఆమె ఏడుస్తోంది. ఖమ్మంలో ఉన్న మా మామగారు ఉదయం ఏడున్నరకు వీడియో కాల్‌లో కూతురి ముఖం చూడనిదే కాఫీ తాగరు. పదకొండు రోజులు ఆయనకు వట్టి గొంతే వినిపించింది. 200 పెసోల రీఛార్జీలు ఒకదాని మీద ఒకటి వేస్తూ ఆ నాలుగు నెలల్లో మొత్తం 1,650 పెసోలు మొబైల్ డేటాకే పోశాం.

పన్నెండో రోజు ఒక పెద్దాయన నిచ్చెన భుజాన వేసుకుని నిజంగానే వచ్చాడు. గోడ మీది పెట్టె తెరిస్తే లోపల చీమల పుట్ట, నల్ల టేపు చుట్టిన అతుకులోంచి నీటి బొట్టు కారుతోంది. ఆయన తీగె చివర వేలెడు మేర కోసేసి, పైపొర చెక్కి, లోపలి రాగిని రుమాలుతో తుడిచి, కొత్త మూతి బిగించి, అతుకు దిగువన తీగెను ఒక మలుపు తిప్పి కట్టాడు. వాన నీరు తీగె వెంట పెట్టెలోకి పోకుండా ఆ మలుపు దగ్గరే కిందికి కారిపోవాలట. పావుగంట పని. మా ఆవిడ అల్లం టీ ఇచ్చి 100 పెసోలు చేతిలో పెట్టబోతే టీ తీసుకుని డబ్బు వద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన చెప్పిన మాట మాకు ఆ దేశంలో దొరికిన అతి విలువైన సలహా. "అమ్మా, నేను ఎన్నిసార్లు బాగుచేసినా ఈ వీధిలో రాత్రిపూట ఇంతే. తీగె పాతది, మీద ఇళ్లు ఎక్కువ. ఇల్లు మారితే ముందు స్తంభం మీద ఫైబర్ పెట్టె ఉందేమో చూడండి, అందులో ఖాళీ ఉందేమో అడగండి." తన కంపెనీకి నష్టమని తెలిసీ ఆయన నిజం చెప్పాడు.

ఇల్లు మారదామని నిర్ణయించి కనెక్షను మానేస్తామంటే కంపెనీ 2,900 పెసోలు కట్టమంది. ఆఫీసులో పక్క సీటు మిత్రుడు ప్రొఫెకో గురించి చెప్పాడు. అది అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ, 1976 నుంచి ఉంది. దాని కాన్సిలియాఎక్స్‌ప్రెస్ అనే ఏర్పాటులో అధికారి ఫోను మీదే కంపెనీతో మాట్లాడి రాజీ కుదురుస్తాడు. సర్వీసు ఆగిన రోజులకు డబ్బు తిరిగివ్వడమే కాక, దాని మీద కనీసం 20 శాతం అదనంగా ఇవ్వాలని అక్కడి చట్టం చెబుతుంది. ఫోలియో నంబర్లు, ఎవరూ లేరన్న మూడు సందేశాలు, రోజువారీ స్పీడు ఫోటోలు అన్నీ పంపాం. తొమ్మిది రోజుల్లో 2,900 మాఫీ అయింది. పదకొండు రోజులకు 176, దాని మీద 20 శాతం 35, వెరసి 211 పెసోలు తిరిగొచ్చాయి. ఆ 211 పెసోలను మా ఆవిడ ఖర్చు పెట్టనివ్వలేదు.

మధ్యలో నాలుగు రోజులు షిలిత్లా వైపు కొండల్లోకి వెళ్లాం. రాత్రికి 950 పెసోల చిన్న బసలో నెట్ ఉండదని మా ఆవిడ సెలవు పెట్టబోయింది. తీరా వెళ్తే రేకుల కప్పు మీద, ఉపగ్రహాల నుంచి నెట్ అందుకునే స్టార్‌లింక్ పళ్లెం కనిపించింది. ఆ దేశంలో దానికి 2021లో అనుమతి వచ్చింది. జోరు వాన కురిసిన అరగంట తప్ప మూడు రాత్రులూ మీటింగులు తెగలేదు. తీగె రాని కొండ ఊళ్లలో దానికి సాటి లేదు. ఊళ్లో ఫైబర్ దొరికే చోట మాత్రం ఆ ఖరీదు దండగ.

మూడో ఇల్లు హురికిల్లా పేటలో, అద్దె 16,000. ఈసారి అడ్వాన్సు ఇవ్వక ముందే స్తంభం మీద పెట్టె చూశాం, కింది అంతస్తు వాళ్ల తలుపు తట్టి రాత్రి ఎలా వస్తుందని అడిగాం. ఫైబర్, 150 ఎంబీపీఎస్, నెలకు 600. రాత్రి పదింటికి కొలిస్తే 146, అప్‌లోడ్ 48. ఆరు నెలల్లో ఒక్క మధ్యాహ్నం ఆగింది. ఫైబర్ వేసుకున్నా హైదరాబాదుకు పింగ్, అంటే సిగ్నలు అక్కడికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, మాత్రం 270 మిల్లీసెకన్ల దగ్గరే ఉంటుంది. మాట అమెరికా మీదుగా సముద్రాలు దాటి పోవాలి కాబట్టి అది ఏ కంపెనీ తగ్గించగలిగేది కాదు. తగ్గిస్తామన్నవాడిని నమ్మకండి. కరెంటు పోయినా నెట్ నిలవాలంటే రౌటర్‌కు చిన్న యూపీఎస్ కావాలి. దుకాణంలో యూపీఎస్ అంటే తెలియదు, "నో బ్రేక్" అని అడగాలి. మాది 1,150 పెసోలు పడింది. ఇక్కడి నుంచి మోసుకుపోకండి, అక్కడ కరెంటు 127 వోల్టులే.

కనెక్షను మీ పేరు మీదే తీసుకోండి. తెల్మెక్స్ బిల్లు లాంటిది బ్యాంకులో చిరునామా రుజువుగా పనికొస్తుంది. ఓనరు పేరు మీద ఉంటే ఫిర్యాదు చేసే హక్కూ ఓనరుదే అవుతుంది. తిరిగి వచ్చే ముందు మోడెమ్, దాని ఛార్జరు కంపెనీ కౌంటరులో స్వయంగా ఇచ్చి, మోడెమ్ వెనక ఉన్న నంబరు రాసి ముద్ర కొట్టిన రసీదు తీసుకోండి. మా రసీదు ఇప్పటికీ పాస్‌పోర్టుల సంచిలో, ఆ 211 పెసోల పక్కనే ఉంది.