కొత్త ప్రింటర్‌లో ఇంకు షాపువాళ్లతో పోయించుకోకండి

విశాఖలో ఇంట్లోనే ఫొటోలు వేసుకుందామని ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొనబోతున్నవాళ్లు ఇది చదివి బయల్దేరండి. బాక్సు సీలు షాపులో తీయనివ్వకండి. ఇంకు సీసాల మూతలు మీ ఇంట్లో, మీ చేత్తోనే తీయండి.

మా నాన్నగారి షష్టిపూర్తికి పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి, ప్రింట్లు తీసి ఆల్బమ్ చేద్దామనుకున్నాం. ద్వారకానగర్‌లో ఒక షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి చాలా మర్యాదస్తుడు. "మీకెందుకండీ శ్రమ, మేమే ఇంకు పోసి టెస్ట్ ప్రింట్ తీసి ఇస్తాం. ఇంటికెళ్లి ప్లగ్ పెట్టుకోవడమే" అన్నాడు. లోపలి గదిలోకి పట్టుకెళ్లి అరగంటలో తెచ్చిచ్చాడు. టెస్ట్ ప్రింట్ బాగానే ఉంది. ఖాళీ సీసాలు ఏవని అడగాలని నాకు తట్టలేదు.

మూడో నెలకల్లా హాలు గోడకి అంటించిన ఫొటోల్లో ముఖాలు ఎర్రబారాయి. మేముండేది ఎంవీపీ కాలనీ, తలుపు తీస్తే సముద్రపు గాలే. డై ఇంకుతో (నీళ్లలో కరిగే రంగుతో) వేసిన ఫొటోని అద్దం లేకుండా వదిలేస్తే గాలిలోని ఓజోన్‌కి ముందు సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగే పోతుంది, అందుకే ఎరుపు తేలుతుంది. తప్పు నాదేనేమో అని ఊరుకున్నాను. తర్వాత ప్రింట్ల మీద అడ్డగీతలు మొదలయ్యాయి. హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్ మళ్లీ మళ్లీ చేసినా పోలేదు. చివరికి సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాను.

అక్కడ టెక్నీషియన్ మామూలు తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు ప్రింట్ తీశాడు. ఆరాక వాటి మీద నీటి చుక్క వేశాడు. అక్షరాలన్నీ కరిగి మరకలా పాకిపోయాయి. ఈ మోడల్‌లో కంపెనీ నల్ల ఇంకు పిగ్మెంట్ రకం (కరగని సన్నటి రంగు రేణువులది), ఆరాక నీళ్లకి ఇలా కరగదు అన్నాడు. పక్కనే ఉన్న ఇంకో ప్రింటర్‌లో అదే కాగితం వేసి, అదే నీటి చుక్క వేసి చూపించాడు. అక్షరం చెక్కుచెదరలేదు. అంటే నా ట్యాంకుల్లో ఉన్నది కంపెనీ ఇంకు కాదు. వారంటీ వర్తించదని రాసిచ్చేశారు.

పోనీ ఇంకు మార్చేద్దామా అంటే అదీ అంత తేలిక కాదు. మొదటిసారి పోసినప్పుడే ఇంకు ట్యూబుల నిండా, హెడ్ దాకా వెళ్లిపోతుంది. అదంతా బయటికి తీయాలంటే చాలా ఇంకు వేస్ట్ ప్యాడ్‌లోకి (వృథా ఇంకుని పీల్చుకునే మెత్తలోకి) పోతుంది, ఆ ప్యాడ్ నిండితే ప్రింటరే ఆగిపోతుంది.

షాపుకి వెళ్తే "మీరే బయట ఇంకు పోసుంటారు" అన్నారు. నా దగ్గరున్న బిల్లులో ప్రింటర్ పేరు, ధర తప్ప ఇంకేమీ లేదు. సీసాలు నా దగ్గర లేవు, ఏం చూపించను? ఆ మాట విన్నప్పుడు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొన్న వస్తువుకి అక్కడ ఫీజు లేదు.

అందుకే బిల్లు మీద సీరియల్ నంబర్, 'సీల్డ్ బాక్స్' అన్న మాట రాయించుకోండి. ఇంట్లో బాక్సు తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఖాళీ సీసాలు వారంటీ అయ్యేదాకా పారేయకండి. మీ మోడల్‌లో నలుపు పిగ్మెంటో కాదో ముందు కనుక్కోండి. పిగ్మెంట్ అయితే ఆ నీటి చుక్క పరీక్ష మీరూ చేసుకోవచ్చు.

ఇంకో మాట. ఫొటోల కోసమని చెప్పినా నాకు అంటగట్టింది నాలుగు రంగుల ఆఫీసు మోడల్. గ్లాసీ పేపర్ మీద అది నల్ల ఇంకు వాడదు, మిగతా మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది. అమ్మ జడ గోధుమరంగులో వచ్చింది అందుకే. ఫొటోలే ముఖ్యమైతే లైట్ సయాన్, లైట్ మజెంటా (లేత గులాబీ) కూడా ఉన్న ఆరు రంగుల మోడల్ అడగండి. బాక్సు మీద వేల పేజీలని రాసేది ఆఫీసు కాగితాల లెక్క, కాగితం నిండా రంగు పడే ఫొటోలకి అది వర్తించదు.

ఆల్బమ్ మళ్లీ ల్యాబ్‌లో వేయించాం. స్కాన్లు దాచుకున్నాం కాబట్టి తాతయ్య ఫొటో దక్కింది. అదే షాపులో, అదే లోపలి గదిలో ఇంకు పోయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఫిర్యాదులో మీ బిల్లు కూడా జత చేద్దాం.